మాటకూ ముద్దకూ ఒకటే వాకిలి

చార్మినారు చెంత సాయంకాలం వేళ నిలుచున్న మనిషికి కన్నులకంటె ముందు చెవులకు పని తగులుతుంది. లాడ్‌బజారు గాజుల దుకాణంలో దక్కనీ ఉర్దూలో మొదలైన బేరం తెలుగులో ముగుస్తుంది. పత్థర్‌గట్టీ వస్త్రాల అంగడిలో మార్వాడీ పలుకు వినవస్తుంది. బార్కస్ నుండి వచ్చిన వృద్ధుని నోట పూర్వీకుల అరబ్బీ మాట ఒకటి దొర్లుతుంది. 1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ నాలుగు వందల ఏండ్లకు పైగా ఈ మాటల సంత సాగుతూనే ఉన్నది. అక్కడ మాటే పలుకుబడి, మాటే పెట్టుబడి.

ఇన్ని మాటల నడుమ మాట పెగలనివారు కూడ ఉంటారు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు లేచి నిలిచి, తన పేరులోని మొదటి అక్షరం దగ్గరనే చిక్కుకొనిపోయే బాలుడు ఒకడు. పక్షవాతం వచ్చి కోలుకొన్నా, మంచినీళ్ళు కావాలని అడగలేక చేయి మాత్రం ఊపే పెద్దమనిషి ఒకరు. మూడవ వ్యక్తికి మాట బాగుగనే వస్తుంది. కాని ఆమె చాయ గుటక వేసినప్పుడల్లా పొలమారుతుంది. “ఎవరో తలచుకొంటున్నారమ్మా!” అని ఇంటివారు నెత్తిమీద తట్టి ఊరుకొంటారు. ఇట్టివారు ఏ గల్లీలోనైనా కనిపిస్తారు. మువ్వురి బాధలూ వేరువేరుగా తోస్తాయి. అయినా మువ్వురూ వెళ్ళవలసినది ఒకరి వద్దకే. ఆయననే, లేక ఆమెనే, నేడు స్పీచ్ థెరపిస్టు అంటున్నారు. తెలుగులో వాక్చికిత్సకులు అనవచ్చును.

మాట నేర్పేవారికి మింగుడుతో పనేమి అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. దానికి జవాబు గొంతు నిర్మాణంలోనే ఉన్నది. పెదవులు, నాలుక, అంగిలి, గొంతు—ఇవి రెండు కొలువులు చేసే నౌకర్లు. అన్నం వచ్చినప్పుడు నమిలి, ముద్ద చేసి, వెనుకకు నెట్టడం ఒక కొలువు. ఊపిరి వెలికి వచ్చినప్పుడు దానిని మలచి శబ్దంగా పంపడం రెండవ కొలువు. గొంతులో ఊపిరికీ ఆహారానికీ కొంతదూరం దారి ఒక్కటే. ఆ తరువాతనే ముందువైపు శ్వాసనాళం, వెనుకవైపు అన్నవాహిక విడిపోతాయి. ముద్ద ఆ కూడలికి చేరిన క్షణంలో ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక దానిపై వాలుతుంది, స్వరతంత్రులు బిగిసి మూసుకొంటాయి. ఇదంతా ఇంచుమించు ఒక సెకను పని. మనకు కంఠస్వరాన్ని ఇస్తున్న ఆ తంత్రులే ఊపిరితిత్తులకు కావలివాండ్రు. నిజానికి వాటి మొదటి ఉద్యోగం కావలియే. పలుకు ఆ తరువాత దొరికిన గౌరవపదవి.

కావలివాడు ఏమరినప్పుడు నీటిబొట్టో మెతుకో శ్వాసనాళం వైపు జారుతుంది. దానిని వెంటనే వెళ్ళగొట్టే దగ్గునే మనం పొలమారడం అంటున్నాము. ఎప్పుడో ఒకసారి అయితే అది శరీరపు జాగరూకత. ప్రతి భోజనంలోనూ అయితే మాత్రం ఎవరి తలపూ కాదు. అది ఒక హెచ్చరిక. దగ్గు సైతం రాకుండ, చప్పుడు చేయకుండ, ఆహారం ఊపిరితిత్తులలోకి దిగే రోగులు కూడ ఉన్నారు. గుటక వేసిన తరువాత గొంతు తడిసినట్లు గురగురలాడడం, భోజనానికి మునుపటికంటె చాల ఎక్కువ సేపు పట్టడం, పలుమార్లు ఛాతీలో నిమ్ము చేరి జ్వరం రావడం—ఇవే అటువంటి వారిని పట్టి ఇచ్చే గుర్తులు.

తెలుగు ఉపాధ్యాయునికి ఈ శాస్త్రం పూర్తిగా కొత్తది కాదు. క వర్గం కంఠ్యమని, చ వర్గం తాలవ్యమని, ట వర్గం మూర్ధన్యమని, త వర్గం దంత్యమని, ప వర్గం ఓష్ఠ్యమని ఆయన ఏటేటా నల్లబల్లమీద వ్రాస్తూనే ఉన్నాడు. పరుషాలేవో సరళాలేవో పిల్లలచేత వల్లె వేయిస్తూనే ఉన్నాడు. వాక్చికిత్సకుని ప్రథమ పాఠమూ ఇదే. ఏ అక్షరం ఎక్కడ పుట్టవలెనో, అక్కడ పుట్టక మరెక్కడ పుడుతున్నదో ఆయన చెవితో పట్టుకొంటాడు. ‘క’కు బదులు ‘త’ అనే పిల్లవాని నాలుక వెనుక లేవవలసినది ముందు లేస్తున్నదన్న మాట. అద్దం ముందు కూర్చుండబెట్టి, నాలుక చోటు చూపించి, ముందు విడి శబ్దంగా, పిదప గుణింతంగా, తరువాత పదంలో, తుదకు ముచ్చటలో ఆ అక్షరాన్ని నిలబెట్టడమే చికిత్స. ఇందులో మందులేదు, మంత్రం లేదు, అభ్యాసం ఉన్నది.

వర్గాంతాలైన ఙ, ఞ, ణ, న, మ లను అనునాసికాలని వ్యాకరణం వేరు చేసినది. ఎందుకు? ఆ అయిదు పలికేటప్పుడు మెత్తని అంగిలి క్రిందికి దిగి ఊపిరిని ముక్కులోనికి వదలుతుంది. తక్కిన హల్లులకు అది పైకి లేచి ముక్కు దారిని మూసివేస్తుంది. పుట్టుకతోనే అంగిలి చీలి ఉన్న శిశువుకు ఆ తలుపు మూతపడదు. ‘బ’ అనబోతే ‘మ’ వలె వినవస్తుంది. ‘ప’కు కావలసిన ఒత్తిడి నోటిలో నిలవదు. మాటకు ముందే మరొక కష్టం కూడ ఉన్నది: తలుపు మూతపడని నోటికి చప్పరించే బలం చిక్కదు, త్రాగిన పాలు ముక్కునుండి వస్తాయి. మాటకూ ముద్దకూ వాకిలి ఒకటేనన్న సత్యం ఈ బిడ్డయందు జన్మదినం నుండే తేటపడుతుంది. తల్లికి మొదట నేర్పేది మాట గాదు, బిడ్డను ఒకింత నిటారుగా ఎత్తిపట్టుకొని ఉగ్గుగిన్నెతోనో, తగిన సీసాతోనో కొద్దికొద్దిగా పాలు పట్టడం.

మన పల్లెలలోనూ, పాతనగరపు ఇండ్లలోనూ దీనిని గ్రహణపు మొర్రి అంటారు. గర్భిణి గ్రహణం చూడడంవల్ల వచ్చినదని తల్లిని తప్పుపడతారు. ప్రపంచమంతటా సుమారు ఏడు వందల కాన్పులకు ఒకటి చొప్పున కనిపించే ఈ లోపానికీ, సూర్యచంద్రులకూ సంబంధం లేదు. గర్భంలో మొదటి మూడు మాసాలలోపల ముఖభాగాలు కలిసికొనే పని అసంపూర్ణంగా మిగిలిపోవడమే దీని స్వరూపం. పెదవికి కొన్ని మాసాల ప్రాయంలోను, అంగిలికి ఏడాది అటు ఇటుగాను శస్త్రచికిత్స చేస్తారు. కాని కుట్టుతో పని ముగియదు. తలుపు బిగించినంత మాత్రాన దానిని వేయడం, తీయడం బిడ్డకు తెలియదు; అది నేర్పేవారు కావలెను.

ఈ విద్యకు ఆధునిక శాస్త్రంగా నూరేండ్ల చరిత్ర ఉన్నది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఎదుటివారి మాటలు గ్రహించగలిగి కూడ ‘టాన్’ అన్న ఒక్క శబ్దమే పలుకగలిగిన రోగి మరణానంతరం అతని మెదడును పరిశీలించి, ఎడమవైపు ముందుభాగంలో గాయాన్ని చూపినాడు. మాటకు మెదడులో ఒక చోటున్నదని లోకం అప్పుడు గుర్తించినది. 1925లో అమెరికాలో వాక్చికిత్సకుల సంఘం ఏర్పడినది. 1926లో ఆస్ట్రేలియా దేశీయుడు లయొనెల్ లోగ్ వద్దకు నత్తితో బాధపడుతూ ఇంగ్లండు రాజకుమారుడొకడు వచ్చినాడు. పది సంవత్సరాల పిదప ఆతడే ఆరవ జార్జి రాజైనాడు. రాజుకైనా నాలుక రాజాజ్ఞకు లొంగదు, సాధనకే లొంగుతుంది.

భారతదేశంలో 1965లో మైసూరున అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడినది. దానికి 1966లో శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. వాక్కే ఐశ్వర్యంగా బ్రతికిన ఉపాధ్యాయుడు వాక్కులేనివారి విద్యాలయానికి పునాదిరాయి వేయడం ఉచితమే. 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు హైదరాబాదు బిడ్డ పేరు పెట్టినారు. 1906లో ఈ నగరంలో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరై, పలుదేశాలలో రాయబారియై, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగానే 1976లో కన్నుమూసిన అలీ యావర్ జంగ్ పేరది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నది. పాతనగరం నుండి మూసీ వంతెన దాటి కోఠీ చేరితే, చెవి, ముక్కు, గొంతు జబ్బులకు ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరువదియొక్క వైకల్యాలలో వాక్కు, భాషలకు సంబంధించిన వైకల్యాన్ని కూడ చేర్చినది.

పక్షవాతం తరువాత మాటపోయిన వారిని గూర్చి హైదరాబాదు లోకానికి ఒక మంచి విశేషం చెప్పినది. ఇక్కడి నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 608 మంది పక్షవాత రోగుల వివరాలు పరిశీలించి 2016లో ప్రకటించినారు. ఒకే భాష తెలిసినవారిలో పక్షవాతానంతరం జ్ఞాపకం, ఆలోచన మొదలైన మనశ్శక్తులు చెడకుండ నిలిచినవారు నూటికి ఇంచుమించు ఇరువదిమంది కాగా, రెండు లేక అంతకుమించిన భాషలు తెలిసినవారిలో నూటికి నలుబదిమంది. 2013లో 648 మంది మతిమరపు వ్యాధిగ్రస్తులపై వారు ప్రకటించిన పరిశోధనలో, పెక్కుభాషలు తెలిసినవారికి ఆ వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా ఆరంభమైనట్లు తేలినది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించినది. ఇంట ఉర్దూ, అంగడిలో తెలుగు మాట్లాడే పాతనగరపు బండివాడు తెలియకనే ఒక ధనం కూడబెట్టుకొంటున్నాడన్న మాట.

అయితే ఆ పక్షవాత పరిశోధనలోనే మరొక సంగతి ఉన్నది. మాటపోవడం అన్న ఒక్క విషయంలో మాత్రం ఇరుపక్షాల నడుమ చెప్పుకోదగిన భేదం లేదు. ఎన్ని భాషలు వచ్చినా మాట పోవలసివచ్చినప్పుడు పోవచ్చును. అందుచేత చికిత్స అందరికీ కావలసినదే. మాటపోయిన మనిషికి తెలివి పోలేదని ఇంటివారు ముందుగా నమ్మవలెను. మంచినీళ్ళు అడగలేని పెద్దమనిషి ఒకటి నుండి పది వరకు గడగడ లెక్కపెట్టవచ్చును, బాల్యంలో కంఠస్థం చేసిన ప్రార్థనను తప్పు లేకుండ అప్పగించవచ్చును, పాట ఎత్తుకోవచ్చును. అది చూచి “కావాలనే మాట్లాడడం లేదు” అనుకోవడం అన్యాయం. అలవాటుగా వచ్చే పలుకుకూ, అప్పటికప్పుడు అల్లుకోవలసిన పలుకుకూ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. మిగిలిన ఆ సన్నని దారి వెంటనే వాక్చికిత్సకుడు రోగిని చేయిపట్టి నడిపిస్తాడు. ఏ భాషలో? ఆ మనిషి ఇంట్లో కలలు కన్న భాషలో. అందువల్లనే ఈ విద్యలో ఒక ఊరివారికి చేసిన పాఠం మరొక ఊరివారికి అచ్చుగుద్దినట్లు సరిపోదు.

మింగుడు విషయంలో ఇంటి వంట తెలియనివాడు సలహా చెప్పలేడు. పలుచని ద్రవం సులువుగా దిగుతుందని అందరి నమ్మకం. గొంతు కండరాలు మందగించిన రోగికి పలుచనిదే ఎక్కువ ప్రమాదం. కావలివాడు లేచి తలుపు వేసేలోపలనే అది జారిపోతుంది. ఇరానీ చాయలో ముంచిన ఉస్మానియా బిస్కత్తు మరింత గడుసుది: సగం ముద్ద, సగం నీరు, రెండూ రెండు వేగాలతో దిగుతాయి. ఆ బిస్కత్తు ఉస్మానియా ఆసుపత్రి రోగుల కొరకే పుట్టినదని జనశ్రుతి. 1908 మూసీ వరద పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టిన పిమ్మట, ఏడవ నిజాం కాలంలో నది ఉత్తరపు గట్టున వెలసిన ఆసుపత్రి అది. బిస్కత్తు ఎవరికొరకు పుట్టినా, మింగుడు చెడిన రోగికి దానిని చాయలో ముంచి పెట్టేముందు ఒకమారు ఆలోచించవలెను.

రంజాను నెలలో భట్టీలమీద గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికి, దంపుడు దెబ్బలకు ఏకమై హలీం అవుతాయి. నమలనక్కరలేని ఆ మెత్తదనం కొందరు రోగులకు అనుకూలమే. కాని పైన చల్లిన కరకరలాడే ఉల్లిపాయ, కొత్తిమీర ఆకు, నిమ్మరసం అట్లు కావు. ఏ చిక్కదనం ఎవరికి తగినదో చెప్పేందుకు నేడు ప్రపంచమంతటా సున్న నుండి ఏడు వరకు మెట్లు ఏర్పరచిన ఒక కొలమానం ఉన్నది. అవసరమైనచోట బేరియం కలిపిన ఆహారాన్ని మింగించి, ఎక్స్‌రే చలనచిత్రంలో ముద్ద ప్రయాణాన్ని చూస్తారు. తల వంచి మింగడం ఒకరికి మేలు చేస్తే మరొకరికి కీడు చేయవచ్చును. ఇంటివారు తెలిసికొని ఉండవలసినవి కొన్నే: పడుకొన్నవారి నోట నీరు పోయరాదు, నిటారుగా కూర్చుండబెట్టి చిన్న చెంచాతో, ఒక గుటక దిగిన తరువాతనే రెండవది ఇవ్వవలెను, భోజనానంతరం కొంతసేపు పడుకోనీయరాదు, పొలమారుతూ ఉంటే ఆపి వైద్యునికి చూపవలెను. ప్రేమతో పెట్టిన ముద్దయే ప్రాణం మీదికి తెచ్చిన ఇండ్లు ఉన్నవి. అక్కడ లోపించినది ప్రేమ కాదు, ఈ కొద్ది తెలివిడి.

ఇక బడిని గూర్చి చెప్పవలెను. పాతనగరపు తరగతిలో ఉపాధ్యాయుని చెవికి ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉన్నది. 2018 నాటి చట్టంతో తెలంగాణ పాఠశాలలలో తెలుగు బోధన తప్పనిసరి అయినది. ఇంట దక్కనీ మాట్లాడే బాలిక ‘పళ్ళు’ను ‘పల్లు’ అని చదువుతుంది. ఆమె ఇంటి భాషలో ‘ళ’ లేదు. ఉర్దూ మాస్టరుగారు గొంతు లోతునుండి పలికే ‘క’ కావాలంటే, హైదరాబాదు పిల్లలు ‘ఖ’ అంటారు; నగరంలో పెద్దలందరూ అనేదే అది. ఇవి యాసలు, జబ్బులు కావు. యాసను జబ్బనుకొని దిద్దబోవడం ఒక తప్పు. జబ్బును యాస అనో, ‘నాలుక మందం’ అనో, పెంకితనం అనో తోసిపుచ్చడం రెండవ తప్పు. మొదటిదాని వల్ల పిల్ల చిన్నబుచ్చుకొంటుంది. రెండవదాని వల్ల ఏండ్లు పోతాయి.

తేడా తెలిసికొనడం ఎట్లు? ఆ పిల్ల తన ఇంటి భాషలో, తన తోటి పిల్లలవలె మాట్లాడుతున్నదా అని విచారించడమే గీటురాయి. తల్లికి కూడ అర్థం కాని మాట, రెండేండ్లు నిండినా రెండు పదాలు జోడించలేని స్థితి, పిలిస్తే పలుకకపోవడం—ఇవి ఏ భాషలోనైనా లోపాలే. మాటకు మూలం వినికిడి. బిడ్డకు వసకొమ్ము అరగదీసి నాకించి, వసపిట్టవలె మాట్లాడుతాడని ఎదురుచూచే తల్లి, ముందు వాని చెవి పరీక్ష చేయించవలెను. పుట్టిన నెలలో చెవి పరీక్ష, మూడు మాసాలకు నిర్ధారణ, ఆరు మాసాలకు చికిత్స ప్రారంభం—ఇది నేటి వైద్యుల లెక్క. మేనరికాలు తరచుగా జరిగే కుటుంబాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం చిన్నపిల్లల కాక్లియర్ శస్త్రచికిత్సను కూడ పరిధిలోకి తీసికొన్నది. అయితే ఆ యంత్రం చెవికి ధ్వనిని మాత్రమే చేరవేస్తుంది. ధ్వనిని మాటగా మలచుకోవడం తల్లి ఒడిలోను, వాక్చికిత్సకుని గదిలోను ఏండ్ల తరబడి జరగవలసిన పని.

నత్తి సంగతి వేరు. చిన్నతనంలో నూటికి సుమారు అయిదుగురు పిల్లలు తడబడతారు. వారిలో ఎక్కువమందికి అది తనంతట తానే పోతుంది. మిగిలినవారికి అది పోవడానికీ బ్రతుకంతా బరువు కావడానికీ నడుమ తరగతి గది ఉన్నది. రెండు భాషలు నేర్పినందువల్ల నత్తి రాదు. ఎడమచేతి వాటాన్ని కొట్టి మాన్పించినందువల్ల, నాలుక క్రింది తీగ కోసినందువల్ల నత్తి పోదు. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత అట్టి వైద్యాలకే పుట్టినది. “నిదానంగా చెప్పు, ఊపిరి పీల్చుకొని చెప్పు” అన్న ఉపదేశాలు వాని భయాన్ని పెంచుతాయే గాని మాటను పెంచవు. వాని వాక్యాన్ని మనం పూర్తి చేయరాదు. మాట ఎంతసేపు పట్టినా, కన్నులలోకి చూస్తూ, చెప్పే తీరును గాక చెప్పిన సంగతిని వినవలెను. అందరి ఎదుట చదవడానికి వానికి ఇష్టమా అని ఏకాంతంగా అడుగవలెను. తోటిపిల్లల నవ్వును మొదటి రోజుననే ఆపవలెను.

వాక్చికిత్సకులు ప్రతి బస్తీలోను లేరు. ఉపాధ్యాయులు ఉన్నారు. ఏ వైద్యుడూ వినక ముందే, ప్రతి బిడ్డ నోటి మాటను దినదినమూ వినే పరాయి వ్యక్తి ఉపాధ్యాయుడే. ‘ఈ పిల్లవానికి చెవి చూపించండి’, ‘ఈ అమ్మాయిని కోఠీకి ఒకమారు తీసుకొనిపొండి’ అని తండ్రితో ఆయన అన్న ఒక్క మాట ఆ బిడ్డకు వేయి మాటలను తిరిగి ఇవ్వగలదు. విద్యార్థులకు చేతనయినది కూడ తక్కువ కాదు. బల్లమీద పక్కన కూర్చున్న మిత్రుని పేరులోని మొదటి అక్షరం వెలికి వచ్చేదాకా మౌనంగా కనిపెట్టుకొని ఉండడం, రేపు ఇంట్లో తాతగారు గుటక వేసి దగ్గినప్పుడు నెత్తిమీద తట్టి నవ్వక, ఆయనను నిటారుగా కూర్చుండబెట్టి అమ్మతో ఆ సంగతి చెప్పడం. హాజరు పట్టీలో ఒక పేరు దగ్గర అర నిమిషం ఎక్కువ ఆగినంత మాత్రాన బడి గంట ఆలస్యంగా మ్రోగదు.